విరగాల్సిన చోటు

జిగురు గట్టిపడటానికి గంట పడుతుంది. ఆ గంటసేపు దాన్ని ముట్టుకోకూడదు, ఊదకూడదు, అంటుకుందో లేదో అని వేలితో నొక్కి చూడకూడదు. ఈ గది గుమ్మం తొక్కిన ప్రతివాడికీ ఇన్నేళ్ళుగా ఆమె చెప్పే మాటే ఇది. ఇవాళ మాత్రం తనకు తానే చెప్పుకోవలసి వస్తోంది, అదీ రెండోసారి, ఎందుకంటే చెయ్యి ఊరుకోవడం లేదు. బల్ల మీద మడతపెట్టిన తువ్వాలు, దాని మీద వెల్లకిలా పడుకోబెట్టిన హెలికాప్టరు, రిమోటుతో ఎగిరేది, తోకతో కలిపి మూరెడుంటుందేమో, రెక్కలు రెండూ వెనక్కి మడిచి, కాళ్ళు పైకి. కాళ్ళంటే ఏముంది, నాలుగు వంపు కమ్ములు, వాటి చివర అటొకటి ఇటొకటి పొడుగాటి గొట్టాలు, అంతే. నేలకు దిగే క్షణంలో మొత్తం బరువు మోసేది మాత్రం ఆ నాలుగు కమ్ములే. పొద్దున కుడివైపు వెనక కమ్మి విరిగింది, ఇప్పుడది దారం చుట్టుకుని, జిగురు తాగి, టేబుల్ లైటు వేడికి తళతళమంటోంది. కిటికీ అవతల మైదానం, హెలికాప్టర్లవాళ్ళంతా ఏటా కలిసేది అక్కడే, దాని అంచున బెంచీ మీద అన్నయ్య, ఇటు వీపు పెట్టి కూర్చున్నాడు. ఇక్కణ్ణుంచి కనబడేది బట్టతల, మెడ, చొక్కా కాలరు. పదకొండేళ్ళ తరవాత వచ్చాడు ఈ గదికి. వచ్చినవాడు లోపలికి అడుగుపెట్టలేదు, గుమ్మంలో నిలబడే దీన్ని ముందుకు చాచి, "గంటలో అవుతుందా?" అన్నాడు. "రెండు గంటలు. గంట నాకు, గంట జిగురుకి," అంది ఆమె. అప్పుడు రెండయింది. "నాలుగింటికి నా వంతు," అన్నాడు. "తెలుసు," అంది. "ఈసారి గట్టిగా చెయ్యి. నువ్వు కట్టిన కాళ్ళు నెలకోసారి విరుగుతాయంటగా, నెలనెలా రావడం నావల్ల కాదు," అనేసి వెళ్ళి బెంచీ చూసుకున్నాడు. ఆమె తన గంట తను తీసుకుంది, మూడయింది, ఇప్పుడు నడుస్తున్నది జిగురు గంట.

పక్కనే అట్టముక్క మీద సాక్షి. కలిపిన జిగురులో మిగిలిన బొట్టును ఆమె ఎప్పుడూ పారెయ్యదు, అట్టముక్క మీద వేసి అతుకు పక్కనే, అదే వేడిలో ఉంచుతుంది. అతుకు సంగతి తెలియాలంటే ఆ బొట్టును గుండుసూదితో పొడుస్తుంది గానీ అతుకు జోలికి పోదు. రెండు ట్యూబులూ సమంగా కలవకపోయినా, వేడి చాలకపోయినా, ముందు ఆ బొట్టే చెప్పేస్తుంది. దాన్ని సాక్షి అనడం కళ్ళద్దాల దుకాణం పెద్దాయన దగ్గర అలవాటయింది. ఆయన దగ్గర పద్నాలుగేళ్ళు ఫ్రేములు బాగుచేసింది, ఆయన పోయాక దుకాణం పోయింది, సాక్షి మిగిలింది. సూది గుచ్చి పైకి లాగింది. తీగ సాగింది, వెంట్రుకంత సన్నగా, మూడంగుళాలు లేచి తెగింది. ముందు తీగ సాగుతుంది, తరువాత రబ్బరులాగా వెనక్కి లాక్కుంటుంది, తరువాత గోరు దిగుతుంది, ఆఖరికి సూది మొన తగిలితే టిక్కుమంటుంది. ఇంకా మొదటి మెట్టు మీదే ఉంది. సూదిని పక్కన పెడుతుంటే చెయ్యి ఆకురాయికి తగిలింది. పెన్సిలంత ఆకురాయి, పనంతా అయ్యాక ఆఖరున తీసేది. ప్రతి కాలుకీ తీస్తుంది. ఇవాళ తియ్యాలా వద్దా అన్నదే తేలడం లేదు. దాన్ని చూడకుండా ఉండటానికి గోడ గడియారం వంక చూసింది, మూడూ ఎనిమిది.

ఆ కమ్మి చేతికి వచ్చినప్పుడు ఎంత కోపం వచ్చిందని. మైదానంలోనే ఎవరో ఆరిందా పొద్దున తన ప్రతాపం చూపించాడు, టక్కున అంటుకునే జిగురు పోసి, దాని మీద వంటసోడా చల్లి, తెల్లగా పొక్కులు పొక్కులుగా తయారుచేసి పెట్టాడు. అది ఆ క్షణానికి రాయిలా బిగుస్తుంది, చూసినవాళ్ళు చప్పట్లు కొడతారు, కానీ దాని మీద ఇంక ఏ జిగురూ పట్టదు. తన గంటలో సగం దాన్ని గీకడానికే పోయింది, ముందు బ్లేడుతో, తరువాత ఉప్పుకాగితంతో, అసలు కమ్మి నల్లగా బయటపడేదాకా. బయటపడ్డాక లైటు కింద పెట్టి భూతద్దంలోంచి చూసింది, అలవాటు కొద్దీ చూసింది, చూసి భూతద్దం దించేసింది. విరిగిన కాలు చూస్తే దాన్ని దించిన చెయ్యి ఎలాంటిదో ఆమెకు తెలిసిపోతుంది. లెక్కల మాస్టారు ముందుకు తోస్తూ దించుతాడు, ఆయన కాళ్ళెప్పుడూ ముందరివే పోతాయి. టైలరమ్మ గాలి వచ్చిందంటే భయపడి పక్కకు లాగుతుంది, ఆవిడవి ఎడమవైపువి పోతాయి. పుల్లని పక్కకు వంచి విరిస్తే సాగిన వైపు తెల్లబడుతుంది, ఆ తెలుపు ఎటువైపు ఉందో చూస్తే చాలు. అన్నయ్య కాలు అలా లేదు. దింపుడంతా శుభ్రంగా, నిటారుగా వచ్చింది, జానెడు ఎత్తుదాకా ఏ లోపమూ లేదు, అక్కడ మటుకు చెయ్యి ఒక్కసారిగా వదిలేసింది. పోనీ ఒక్కసారి జారిందనుకుందామంటే, విరిగిన చోటు పక్కనే గోటితో గీసినట్టు మూడు పాత తెల్లగీతలున్నాయి. మిగతా మూడు కమ్ములూ చూసింది. వాటి మీదా ఉన్నాయి. అంటే నెలల తరబడి ఇదే వరస, ఎవరికీ చెప్పలేదు.

దూదిచెయ్యి అంటారు అన్నయ్యని మైదానంలో. పేపరు పరిచి దాని మీద దించమంటే పేపరు కదలకుండా దించేవాడు, ఒకసారి పందెం కట్టి నిండు నీళ్ళ గ్లాసు పక్కన దించాడు, నీళ్ళు తొణకలేదు. అందుకే ఏటా ఈ కలయికలో ఆఖరి వంతు ఆయనదే, అందరూ సామాను సర్దుకోవడం ఆపి చూస్తారు. పైకి ఎగరేసేదీ కిందికి దించేదీ రిమోటు మీద ఎడమ బొటనవేలు. ఆ వేలు వణుకుతోంది. పోయిన నెల ఇంటికి వచ్చినప్పుడు టీ గ్లాసు కుడిచేత్తో అందుకున్నాడు, ఎడమచెయ్యి జేబులోనే ఉంది, వెళ్ళేదాకా జేబులోనే ఉంది. చలిగా ఉందేమో అనుకుంది తను, ఎంత బుద్ధిహీనురాలు. చొక్కా పొట్టిచేతులది, ఎండ మండిపోతోంది, చలెక్కడిది. ఇప్పుడు కిటికీలోంచి చూస్తే కుడిచెయ్యి మోకాలి మీద ఉంది. ఎడమది కనబడటం లేదు. పాపం అనిపించింది, వెంటనే ఆ పాపం అన్న మాట వింటే ఆయన ఇంతెత్తున లేస్తాడని కూడా అనిపించింది, తనైనా అంతే కదా. నాలుగింటికి మళ్ళీ ఎగరేస్తాడు, మళ్ళీ జానెడెత్తు దాకా దూదిలా దించుతాడు, అక్కడ మళ్ళీ వేలు మోసం చేస్తుంది. అందులో అనుమానం లేదు. అనుమానమల్లా అప్పుడు ఏది విరగాలన్నదే.

పదకొండేళ్ళ కిందట ఇది కాదు, ఎర్రది. ఆయన మొదట కొన్నది. దాని కాలు విరిగితే తనే అడిగి తీసుకుంది, ఫ్రేములు వంచి వంచి చెయ్యి తిరిగిందన్న ధీమా, "నేను కట్టే కాలు ఇంక జన్మలో విరగదు చూడు" అని అందరి ముందూ అంది. సైకిలు చక్రం పుల్లలు తెచ్చి, కాల్చి, వంచి, సానబట్టి, నాలుగు మరలు బిగించి ఇచ్చింది. ఆ కాళ్ళ మీద మనిషి నిలబడొచ్చు. ఆ రోజు గాలి ఉంది, దింపుతుంటే ఒక తోపు తోసింది, దబ్బున పడింది. పుల్లలు వెంట్రుకవాసి వంగలేదు. దెబ్బంతా వాటిగుండా పైకి పోయింది, పొట్ట చీలింది, మోటారు ఊడింది, రెక్క వచ్చి తోకను నరికింది. కాళ్ళు ఊడి పక్కన పడ్డాయి కాబట్టి కాళ్ళే ఊడిపోయాయని ఆయన అనుకున్నాడు, చూసినవాళ్ళంతా అదే అనుకున్నారు. "గట్టిగా ఒక కాలు కట్టడం చేతకాదు దీనికి, దీని చేతిలో పెట్టడం నాదే బుద్ధితక్కువ," అన్నాడు, అంతమందిలో. తల తీసేసినట్టయింది. ఊరుకుని ఉంటే అక్కడితో పోయేది, తనకి ఊరుకోవడం ఎప్పుడు వచ్చింది గనక, "దించడం చేతకానివాడికి ఏ కాలు కడితే ఏం," అంది. దూదిచెయ్యిని పట్టుకుని ఆ మాట అంది. ఆయన మొహం ఎలా మాడిపోయిందో ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. ఆ రోజు నుంచి ఇద్దరూ మాట్లాడుకోలేదని కాదు, పెళ్ళిళ్ళకీ చావులకీ ఒకరింటికొకరు వెళ్ళారు, పక్కపక్కన కూర్చుని తిన్నారు, ఒంట్లో ఎలా ఉందంటే ఎలా ఉందనుకున్నారు. హెలికాప్టర్ల మాట మాత్రం ఇద్దరూ ఎత్తలేదు.

ముక్కలన్నీ కళ్ళద్దాల డబ్బా ఒకటి ఖాళీచేసి అందులో వేసుకొచ్చింది. మూడు రోజులు మూత తియ్యలేదు, మాట పడిన కోపంలో. నాలుగోరోజు తీసి చూస్తే పుల్లలు కొత్తవిలా ఉన్నాయి. మరలు ఊడలేదు, మరల చుట్టూ చిరిగిన పొట్ట ముక్కలు పట్టుకుని ఉన్నాయి. పెద్దాయన గొంతు వినబడింది, ఎవరో కళ్ళజోడు తెచ్చి ఈ మర మాటిమాటికీ వదులవుతోందని గొడవపడితే ఆయన తాపీగా అన్న మాట, కింద పడ్డప్పుడు ఏదో ఒకటి పోవాలి బాబూ, ఏది పోవాలో మనమే ముందు చెప్పి ఉంచాలి, మర పోతే మర వేస్తాను, అద్దం పోతే నువ్వు గోడ పట్టుకుని నడవాలి. పద్నాలుగేళ్ళు ఆ మాట వింటూ పనిచేసింది. కళ్ళజోళ్ళకి తెలిసిన సంగతి కాళ్ళ దగ్గరికి వచ్చేసరికి బుర్రకి తట్టలేదు, పొగరు అడ్డమొచ్చింది. అన్నయ్య అన్నది తప్పే, తను గట్టిగా కట్టలేక కాదు, మరీ గట్టిగా కట్టి చంపేసింది. ఆ మాట చెప్పేద్దామనే ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళింది. వదిన తలుపు తీసింది. లోపల అన్నయ్య కుర్చీలో అటు తిరిగి కూర్చున్నాడు, అచ్చం ఇప్పుడు కూర్చున్నట్టే, మెడా కాలరూ. "ఏంటొదినా, ఇలా వచ్చావు?" అని ఆవిడ అడిగితే, "గొడుగు మర్చిపోయాను," అంది, తలుపు వెనక కనబడిన గొడుగు పట్టుకుని వచ్చేసింది. వానాకాలమూ కాదు, ఆ గొడుగు తనదీ కాదు.

ఆ గొడుగు ఈ గది మూలనే ఉంది, నల్లది, పిడికి నీలం దారం చుట్టి ఉంటుంది. వదిన ఎప్పుడు కనబడినా ముందు అడిగే మాట, "మా గొడుగు క్షేమమేనా?" అని. తను ఏ పనిమీద వచ్చిందో వదినకి ఆ పూటే తెలుసు, తనంతట తను నోరు విప్పదని కూడా తెలుసు. "మీ అన్నాచెల్లెళ్ళకి ముక్కూ ఒకటే, ముక్కుమీద కోపమూ ఒకటే, మధ్యలో నా గొడుగు పోయింది," అనేది. ఈ రెండో హెలికాప్టరు ఇంటికొచ్చినప్పుడు తెల్లగా ఉంటే బాగోలేదని పొట్ట చుట్టూ పసుప్పచ్చ చార దిద్దింది వదినే. చార ఒకచోట కాస్త వంకర పోయింది, తుడిచి మళ్ళీ వేస్తానంటే అన్నయ్య ఒప్పుకోలేదట. వదిన పోయి నాలుగేళ్ళు. వెల్లకిలా పడుకోబెట్టడం వల్ల ఆ వంకర ఇప్పుడు సరిగ్గా కళ్ళెదురుగా ఉంది, వేలు దాని మీదికి వెళ్ళి ఆగింది. ఈ మోడలు చెయ్యడం మానేశారు. కాళ్ళు దొరకవు కాబట్టే ఆయన తన గుమ్మం తొక్కాడు, లేకపోతే వచ్చేవాడా. కాళ్ళు ఎలాగో తను కట్టగలదు. ఈ పొట్ట పగిలితే ఎవరూ కట్టలేరు.

సూది గుచ్చింది. తీగ రాలేదు, రబ్బరులా లేచి వెనక్కి పోయింది. మూడున్నర కావస్తోంది. ఎవరు ఏమనుకుంటేనేం, అనుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, అనుకునేవాళ్ళు నలభైమంది ఉంటారు అక్కడ. కాళ్ళక్క అని పేరు పెట్టారు తనకి, మొదట్లో ఒళ్ళు మండేది, ఇప్పుడు ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే వెనక్కి చూడదు. ఎర్రది పోయిన ఆరు నెలలకి లెక్కల మాస్టారు వచ్చి, ఎవరూ దొరక్క నీ దగ్గరికి వచ్చానమ్మా అని మొహమాటం లేకుండా చెప్పి మరీ ఒక కాలు ఇచ్చాడు. అది అతికి, దారం చుట్టి, అతుక్కి రెండు వేళ్ళు కిందగా లోపలివైపు ఆకురాయితో సన్నని గాటు పెట్టి ఇచ్చింది. ఎంత లోతంటే, మామూలు దింపుడు ఓర్చుకోవాలి, దబ్బున పడితే అక్కడే పుటుక్కుమనాలి. ఆ లోతుకి కొలత లేదు, ఆకురాయి గొంతు మారుతుంది, గరగర కాస్తా సన్నబడే చోట ఆపాలి, అంతే. అప్పట్నుంచీ ఎవరు తెచ్చినా గాటు లేకుండా పంపలేదు. మళ్ళీ అదే చోట విరిగిందేంటక్కా అని తెస్తారు, నవ్వి తీసుకుంటుంది. కాళ్ళక్క కట్టిన కాలు కాళ్ళక్కని చూడకుండా ఉండలేదని వేళాకోళం, చేతినిండా పని ఉండాలని కావాలనే అలా కడుతుందని ఒకరిద్దరి గుసగుస. అదీ చెవిన పడింది. ఎందుకో చెప్పాలంటే ఎర్రదాని సంగతి చెప్పాలి, అది ముందు అన్నయ్యకి చెప్పకుండా ఊళ్ళోవాళ్ళకి ఎలా చెబుతుంది. అందుకని మాట పడింది. పడనీ. పదకొండేళ్ళలో ఆమె కట్టిన కాళ్ళు ఎన్నిసార్లు విరిగాయో అందరికీ తెలుసు. ఆమె కాలు కట్టాక పొట్ట పగిలిన హెలికాప్టరు ఆ మైదానంలో ఒక్కటంటే ఒక్కటి లేదు, అది ఎవరూ చూడలేదు, విరగనిదాన్ని ఎవరు లెక్కపెడతారు. ఆమె లెక్కపెట్టుకుంది. ప్రతి దింపుడూ ఈ కిటికీలోంచే చూసింది, కాలు పుటుక్కుమని ఒళ్ళు నిలిచిన ప్రతిసారీ ఛాతీ ఒక అంగుళం పెరిగింది. ఈ గదిలో ఒంటరిగా ఎంత గర్వపడిందో ఎవరికీ తెలియదు.

మరి ఇవాళ ఎందుకు తటపటాయింపు. దారం చుట్టిన చోటు ఇప్పుడు రాయి, లోపల కళ్ళజోడు తీగ కూడా పెట్టింది, అది విరగదు. గాటు పెట్టకుండా ఇస్తే ఆయన దించుతాడు, దబ్బుమంటుంది, బహుశా ఒకసారికి ఓర్చుకుంటుంది, చప్పట్లు కొడతారు, అన్నయ్య ఇటు తిరిగి, పర్లేదే అన్నట్టు తలాడిస్తాడు. ఆ తలాడింపు కావాలని ఉంది. అబద్ధమెందుకు, పదకొండేళ్ళుగా కావాలని ఉంది. ఓర్చుకోకపోతే వదిన చార నిలువునా చీలుతుంది. గాటు పెడితే కాలు అందరి ముందూ విరుగుతుంది, గట్టిగా చెయ్యి అని అడిగి మరీ ఇచ్చిన కాలు, దూదిచెయ్యి సొంత చెల్లెలు కట్టిన కాలు. ముందే చెబితే? చెబితే ఎగరనివ్వడు. గాటు ఎందుకంటే నీ వేలు వణుకుతోంది కాబట్టి అని ఆయన మొహాన ఎలా అంటుంది, దించడం చేతకాదని ఒకసారి అన్న నోటితోనే. ఇంక ఆపు, అనుకుంది. ఎదుటివాళ్ళ తలాడింపు కోసం కట్టిన కాలు ఒకటి జీవితంలో చాలు. సూది గుచ్చింది, మొన దిగలేదు, టిక్కుమంది. నాలుగింటికి ఇంకా పన్నెండు నిమిషాలున్నాయి. సాక్షి చెప్పేసింది.

ఆకురాయి తీసింది. దారం అంచు నుంచి రెండు వేళ్ళు కొలిచి, లోపలివైపు ఆనించింది. గరగర. బెంచీ మీద మెడ కదిలింది. "ఏంటా చప్పుడు? అయిపోలేదా?" అన్నాడు, ఇటు తిరగకుండానే. "నా పని నన్ను చెయ్యనీ," అంది. గరగర సన్నబడింది, ఆగింది, వేలితో తడిమింది, గోరు అంచు పట్టేంత. ఆ పొడి ఊదేసి, లేపి, నిటారుగా నిలబెట్టి చూసింది. నాలుగు కాళ్ళ మీద సమంగా నిలబడింది. గుమ్మంలోకి వెళ్ళి చాచింది. ఆయన కుడిచేత్తో అందుకుని, దారం చుట్టిన చోటు ఎగాదిగా చూసి, బొటనవేలితో నొక్కి, "గట్టిగానే ఉంది," అన్నాడు. చూడాల్సిన చోటు అది కాదు అన్నయ్యా, అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

గుమ్మంలోనే నిలబడి చూసింది, మైదానంలోకి వెళ్ళలేదు. పైకి లేచినప్పుడు ఎప్పటిలాగే అందరూ మాటలాపారు. ఎగరడంలో ఏ తేడా లేదు, నాలుగు మూలలూ తిరిగింది, గాల్లో నిలిచింది, పసుప్పచ్చ చార ఎండలో ఒకసారి మెరిసి వెనక్కి తిరిగింది. మా అన్న, అనుకుంది, ఇంకెవరు ఎగరేస్తారు అలా. దింపడం మొదలుపెట్టాడు. నిలువెత్తు, నడుమెత్తు, మోకాలెత్తు, ఒక్క ఊగులాట లేదు, నేల మీద దుమ్ము కూడా లేవనట్టు వస్తోంది. జానెడు. అక్కడ ఒక్కసారిగా వదిలేసింది. దబ్బుమంది, పుటుక్కుమంది, రెండు చప్పుళ్ళూ విడివిడిగా ఆమె చెవికి ఇక్కడిదాకా వినిపించాయి, హెలికాప్టరు కుడివైపుకి ఒరిగి, రెక్కలు ఆగి, నిలిచిపోయింది. అయ్యో అన్నారు నలభైమందీ. మైకు పట్టుకున్న పెద్దమనిషి, ఏటా పట్టుకుని వదలనివాడు, నవ్వాపుకుంటూ, "కాలు విరిగిందండీ, మన కాళ్ళక్క కట్టిన కాలే," అన్నాడు. నవ్వులు వినబడ్డాయి. ఆమె గుమ్మంలోంచి కదల్లేదు, తలుపు వెనక్కీ పోలేదు, తల నిటారుగా పెట్టుకుని నిలబడింది. చెవులు మాత్రం కాలిపోతున్నాయి.

అన్నయ్య దాని దగ్గరికి నడిచివెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మొదట కాలు వైపు చూడలేదు. పొట్ట తడిమాడు, చార పొడుగునా వేలు నడిపాడు, రెక్క తిప్పితే తిరిగింది, తోక కదిపితే గట్టిగా ఉంది. అప్పుడు విరిగిన కాలు తీసి కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు. దారం చుట్టిన చోటు చెక్కుచెదరలేదు. దానికి రెండు వేళ్ళు కింద, గీత గీసినంత తిన్నగా విరిగింది. ఎంతసేపు చూశాడో, వెనక ఎవరో ఏదో అడుగుతున్నా వినిపించుకోలేదు. లేచి, హెలికాప్టరు గుండెకి ఆనించుకుని, ఆమె వైపు నడిచాడు. ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"గాటు పెట్టావు."

"పెట్టాను."

"కావాలనే."

"కావాలనే. ప్రతి కాలుకీ పెడతాను. ఎర్రదానికి పెట్టలేదు. అప్పుడు పుల్లలు నిలిచాయి, పొట్ట పోయింది. నా తప్పే అన్నయ్యా, నువ్వనుకున్నది కాదు గానీ, తప్పు నాదే." పదకొండేళ్ళు గొంతులో ఉన్న మాట, పలకడానికి పది క్షణాలు పట్టలేదు. "ఇంకో మాట కూడా అన్నాను ఆ రోజు. అనాల్సిన మాట కాదది."

ఆయన ఎడమచెయ్యి జేబులోంచి తీశాడు. ఇద్దరి మధ్యా పైకి పట్టుకున్నాడు. బొటనవేలు వణుకుతోంది. "ఇది నీకెవరు చెప్పారు?"

"నీ కాలే చెప్పింది. నాలుగు కమ్ములూ చెప్పాయి."

ఆయన వెనక్కి తిరిగి, మైదానంలోకి పోయి, మైకు పెద్దమనిషి చేతిలోంచి మైకు లాక్కున్నాడు. లాక్కున్నాడంటే లాక్కున్నాడే, అతను నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు. "మా చెల్లెలు కట్టిన కాలు విరిగింది," అన్నాడు, గొంతు కాస్త గరగరలాడింది. "విరగాల్సిన చోట విరిగింది. దీని పొట్ట చూడండి, మీవీ చూసుకోండి. ఆమె కట్టాక మీలో ఎవరిదన్నా పొట్ట పగిలిందా? పదకొండేళ్ళలో? ఉంటే చెయ్యెత్తండి." మైదానంలో ఒక్క చెయ్యి లేవలేదు. లెక్కల మాస్టారు నోట్లో ఏదో లెక్కపెట్టుకుంటూ, పెట్టుకుంటూ, కళ్ళద్దాలు తీసి ఇటు తిరిగి చూశాడు. గుమ్మంలో ఆమెకి కళ్ళు మసకలు కమ్మాయి. ఏడుపు కాదది, ఇంత గర్వం ఒక్కసారిగా మొయ్యడం అలవాటు లేక.

మళ్ళీ వచ్చినప్పుడు ఆయన గుమ్మంలో ఆగలేదు. లోపలికి వచ్చి, హెలికాప్టరును తువ్వాలు మీద వెల్లకిలా తనే పడుకోబెట్టి, స్టూలు లాక్కుని, చుట్టూ చూశాడు. మూల దగ్గర చూపు ఆగింది.

"అది మా గొడుగులా ఉందే."

"మీదే. ఈ మాట చెబుదామనే వచ్చి, చెప్పలేక, అది పట్టుకుపోయాను."

ఆయన లేచి వెళ్ళి గొడుగు తీసుకున్నాడు. పిడికి చుట్టిన నీలం దారం మీద కాసేపు వేళ్ళు ఉంచాడు. "వాన పడ్డప్పుడల్లా మీ వదిన ఊరికే నవ్వుకునేది," అన్నాడు, "ఎందుకే అంటే చెప్పేది కాదు." గొడుగు ఉన్నచోటే పెట్టేసి వచ్చి కూర్చున్నాడు. "రెండు గంటలు, అంతేగా. గంట నీకు, గంట జిగురుకి."

"అంతే."

"ఈసారి నాలుగు కాళ్ళకీ పెట్టు గాట్లు. వచ్చే ఏడు ఈ వేలు ఎటు పడేస్తుందో ఎవరికి తెలుసు."

ఆమె రెండు ట్యూబులూ సమంగా పిండి కలిపింది, అతుక్కి పూసింది, దారం చుట్టింది, మిగిలిన బొట్టును అట్టముక్క మీద వేసింది. ఇన్నేళ్ళలో ఎవరి చేతికీ ఇవ్వని గుండుసూదిని ఆయన ఎడమచేతికిచ్చి, "దీన్ని పొడువు, దాని జోలికి పోకు," అంది. ఆయన వంగి, వణికే వేలితోనే సూది గుచ్చి, మెల్లగా పైకి లాగాడు.

"తీగ సాగుతోంది," అన్నాడు.

"సాగనీ అన్నయ్యా. గంట ఉందిగా," అంది.